మహమ్మారి రాకముందే తాలీము

యుద్ధం మొదలైన రోజున సిపాయికి తుపాకీ పట్టడం నేర్పే సర్కారు లోకంలో ఎక్కడా ఉండదు. కుస్తీకి దిగే పహిల్వాను ఏడాది పొడుగునా తాలీంఖానా మట్టిలో పొర్లాడుతాడు. దంగల్ మాత్రం ఒక్క పూటలో ముగిసిపోతుంది. ఆ ఒక్క పూట కోసమే ఏడాది తాలీము. ఇది మన పెద్దలందరికీ తెలిసిన సంగతే.

కాని ఆసుపత్రి విషయానికి వచ్చేసరికి లోకం చాలాకాలం వేరే దారిన నడిచింది. ఒకసారి చూడు, ఒకసారి చెయ్యి, ఆ తరువాత ఇంకొకరికి నేర్పు అన్నది వైద్య విద్యలో పాతుకుపోయిన పద్ధతి. మొదటిసారి చేసేటప్పుడు చేయి వణికితే ఆ వణుకును భరించేది మంచం మీద ఉన్న రోగి. మామూలు రోజుల్లో పక్కన పెద్ద డాక్టరు ఉంటాడు కాబట్టి ఏదో గడిచిపోయేది. కొత్త అంటురోగం వచ్చినప్పుడు పెద్ద డాక్టరుకు కూడా అది కొత్తే. అప్పుడు రోగికీ ప్రమాదమే, వైద్యం చేసేవాడికీ ప్రమాదమే.

ఈ చిక్కులోంచి పుట్టిన విద్యనే సిమ్యులేషన్ అంటున్నారు. నిజమైన రోగి స్థానంలో బొమ్మనో, రోగిలా నటించే మనిషినో పెట్టి, నిజంగా జరిగినట్టే అంతా చేసి చూడడం అన్నమాట. తెలుగులో నమూనా అభ్యాసం అనుకోవచ్చు. పత్రికల్లో మాక్ డ్రిల్ అని చదువుతుంటాం. మా ఉర్దూ బడుల్లో దీనికి సరిపోయే మాట ఒకటుంది - మష్క్. పిల్లవాడు చెక్క తఖ్తీ మీద ఖలంతో అక్షరాలు దిద్దుతాడు. వంకర పోయినచోట ఉస్తాదు చూపిస్తాడు. తఖ్తీ కడిగి, మట్టి పూసి, ఆరబెట్టి మళ్లీ రాస్తాడు. తఖ్తీ మీద తప్పు నీళ్లతో పోతుంది. దస్తావేజు మీద తప్పు పోదు. ఆసుపత్రిలో రోగి శరీరమే దస్తావేజు. ఆ తఖ్తీ ఆసుపత్రుల్లోకి ఎలా వచ్చిందో, మహమ్మారి రోజుల్లో ఎంతమంది ప్రాణాలు దాని మీద ఆధారపడ్డాయో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గుడ్డ బొమ్మ

ఈ చరిత్రలో ముందుగా తలచుకోవలసింది ఒక మంత్రసానిని. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సు దేశంలో మేడమ్ దు కుద్రే అనే ఆమె ఉండేది. పల్లెల్లో కాన్పుల సమయంలో తల్లులు, బిడ్డలు చనిపోవడం చూసి పదిహేనో లూయీ రాజు 1759లో ఆమెకు ఒక ఫర్మానా ఇచ్చాడు. దేశమంతా తిరిగి మంత్రసానులకు విద్య నేర్పమని దాని సారాంశం. ఆమె దగ్గర నేర్చుకోవడానికి వచ్చినవాళ్లలో చాలామందికి చదువు రాదు. పుస్తకం చదివి వినిపిస్తే ఏం లాభం? అందుకని ఆమె గుడ్డతో, తోలుతో తల్లి నడుము భాగాన్ని, లోపల బిడ్డను కుట్టి తయారు చేసింది. బిడ్డ అడ్డం తిరిగితే ఎలా తిప్పాలో, కాళ్లు ముందు వస్తే ఏం చేయాలో, ప్రతి ఒక్కతె తన చేతులతో ఆ బొమ్మ మీద చేసి చూడవలసిందే. పాతికేళ్ల పాటు ఊరూరా తిరిగి దాదాపు 5,000 మందికి ఆమె నేర్పిందని చరిత్రకారుల అంచనా. ఆ బొమ్మల్లో ఒకటి ఫ్రాన్సులోని రువాన్ పట్టణపు మ్యూజియంలో ఉంది.

అక్షరం రానివారికి కూడా ప్రాణం కాపాడే విద్య చేతితో నేర్పవచ్చునని ఆమె రుజువు చేసింది. ఈ మాట పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. చివర దీనితో మనకు పని ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పని మళ్లీ బొమ్మలు చేసేవాడి చేతికే వచ్చింది. నార్వే దేశంలో స్టవాంగర్ అనే రేవు పట్టణంలో ఆస్మండ్ లేర్డాల్ పిల్లల ఆటబొమ్మలు తయారు చేసేవాడు. నీట మునిగిన తన చిన్న కొడుకును తానే బతికించుకున్న తండ్రి అతడు. నోటితో ఊపిరి ఊది మనిషిని బ్రతికించే పద్ధతిని పీటర్ సాఫర్ అనే మత్తుమందు డాక్టరు ప్రచారం చేస్తున్న రోజులవి. మరి ఆ పద్ధతిని జనం ఎవరి మీద నేర్చుకోవాలి? బతికి ఉన్న మనిషి మీద కుదరదు కదా. అందుకోసం లేర్డాల్ 1960లో నిలువెత్తు బొమ్మను తయారు చేసి ఇచ్చాడు. ఆన్ అనే పేరున్న ఆ బొమ్మ ఛాతీ నొక్కి, నోట్లో గాలి ఊది ప్రపంచమంతటా కోట్ల మంది నేర్చుకున్నారు.

విమానం నేర్పిన పాఠం

వైద్యుల కంటే ముందు ఈ విద్యను గట్టిగా పట్టుకున్నవారు విమానం నడిపేవారు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు తన తండ్రి పియానోల కార్ఖానాలోని తోలు తిత్తులు, గాలి గొట్టాలు వాడి 1929లో నేల మీదనే కదిలే ఉత్తుత్తి విమానం కట్టాడు. మొదట్లో అది తిరునాళ్ల ఆటవస్తువుగానే చెల్లింది. 1934లో అమెరికా సైన్యపు పైలట్లు టపా మోస్తూ పొగమంచులో పడి పలువురు చనిపోయిన తరువాత గాని దాని విలువ సర్కారుకు తెలియలేదు. ఈ చరిత్ర పొడుగునా మనకు కనిపించే విషాదం ఇదే. చావులు ముందు, తాలీము తరువాత.

ఇంకో పాఠం 1977 మార్చి 27న వచ్చింది. కెనరీ దీవుల్లో టెనరిఫే విమానాశ్రయంలో పొగమంచులో రెండు పెద్ద విమానాలు ఢీకొని 583 మంది మరణించారు. రన్‌వే మీద ఎదుటి విమానం ఇంకా ఉందేమోనని ఒక విమానంలోని ఇంజనీరు అనుమానం వెలిబుచ్చాడు. ఎంతో పేరున్న కెప్టెను దాన్ని పట్టించుకోలేదు. విమానం నడపడం ఒక్కటే నేర్పితే చాలదని, చిన్నవాడు పెద్దవాడిని ధైర్యంగా ఆపడం, పెద్దవాడు వినడం కూడా అభ్యాసం చేయించాలని అప్పుడు తెలుసుకున్నారు.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు మత్తుమందు డాక్టరు డేవిడ్ గాబా 1980లలో ఈ పాఠాన్నే ఆపరేషన్ థియేటర్లోకి తెచ్చాడు. బొమ్మకు నాడి, ఊపిరి, రక్తపోటు ఉన్నట్టు చూపే యంత్రాలు తగిలించి, హఠాత్తుగా ఆపద కల్పించి, డాక్టర్లు, నర్సులు కలిసి ఎలా మెలగుతారో చూశాడు. పని అయిపోయాక అందరినీ కూర్చోబెట్టి ఏది బాగుంది, ఎక్కడ తప్పింది అని మాట్లాడించేవారు. ఈ కూర్చోబెట్టి మాట్లాడించడమే అసలు పాఠం అని అనుభవజ్ఞులు అంటారు.

2003: ప్రాణం ఆగదు, తొడుగు తెమలదు

ఇక మహమ్మారి దగ్గరికి వద్దాం. 2003లో సార్స్ అనే కొత్త రోగం దక్షిణ చైనా నుంచి హాంకాంగ్‌కు, అక్కడి ఒక హోటల్లో దిగిన ప్రయాణికుల ద్వారా అనేక దేశాలకు పాకింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మొత్తం 8,096 మందికి సోకి, 774 మంది చనిపోయారు. సోకినవారిలో ప్రతి అయిదుగురిలో ఒకరు ఆసుపత్రి సిబ్బందే! సింగపూరులో 238 మందికి సోకితే అందులో 97 మంది ఆసుపత్రివారు. బజారు కంటే ఆసుపత్రి వార్డే ప్రమాదకరమైన చోటుగా మారిందన్నమాట. రోగాన్ని గుర్తించి లోకానికి హెచ్చరిక చేసినవారిలో ఒకడైన ఇటలీ డాక్టరు కార్లో ఉర్బానీ కూడా 2003 మార్చి 29న అదే రోగంతో కన్ను మూశాడు.

ఆసియా ఖండం బయట అన్నిటికంటే ఎక్కువగా దెబ్బ తిన్నది కెనడాలోని టొరంటో నగరం. హాంకాంగ్ వెళ్లివచ్చిన ఒక వృద్ధురాలి ద్వారా ఆమె కొడుకుకు, అతని ద్వారా ఒక ఆసుపత్రికి, ఆ ఆసుపత్రి నుంచి మిగతావాటికి రోగం చేరింది. మార్చి 26న ఆ రాష్ట్రంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. కెనడాలో మొత్తం 44 మంది చనిపోయారు. వారిలో ఇద్దరు నర్సులు, ఒక డాక్టరు ఉన్నారు.

అక్కడ ఏప్రిల్‌లో జరిగిన ఒక సంఘటన వైద్యులను ఉలిక్కిపడేలా చేసింది. ఊపిరి అందని ఒక సార్స్ రోగికి గొంతులోకి గొట్టం వేయవలసి వచ్చింది. చుట్టూ ఉన్న సిబ్బంది గౌన్లు, గ్లవ్స్, మాస్కులు వేసుకునే ఉన్నారు. అయినా పలువురికి రోగం అంటుకుంది. విచారించగా తేలిన సంగతుల్లో ఒకటి: తొడుక్కున్నవాటిని తమకు మురికి అంటకుండా ఎలా విప్పాలో చాలామందికి స్పష్టంగా తెలియదు. తరువాత విచారణ జరిపిన జస్టిస్ ఆర్చీ క్యాంప్‌బెల్ కమిషన్ కూడా, మాస్కు ముఖానికి సరిగ్గా అతుకుతుందో లేదో పరీక్షించే పని చాలా ఆసుపత్రుల్లో జరగనే లేదని ఎత్తి చూపింది. వస్తువు చేతిలో ఉంది, మష్క్ మాత్రం లేదు.

ఆ గడబిడలోనే టొరంటోలోని సెయింట్ మైకేల్స్ ఆసుపత్రివారు ఒక మంచి పని చేశారు. వారి ముందున్న ప్రశ్న చాలా కఠినమైనది. సార్స్ రోగికి గుండె ఆగిపోతే ఏం చేయాలి? మామూలుగా అయితే అందరూ పరుగెత్తుతారు. గుండె ఆగిన తరువాత మెదడుకు రక్తం అందక కొద్ది నిమిషాల్లోనే నష్టం మొదలవుతుంది. కాని సార్స్ వార్డులోకి పూర్తి రక్షణ తొడుగు లేకుండా అడుగు పెడితే, బ్రతికించడానికి వెళ్లినవాడే రేపు మంచం ఎక్కుతాడు. కాబట్టి కాగితం మీద కొత్త నియమాలు రాశారు. రాసి ఊరుకోలేదు. బొమ్మను పెట్టి ముందు తరగతి గదిలో పదే పదే, ఆ తరువాత అసలు వార్డులోనే చేసి చూశారు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఒక్క మనిషి ఒంటరిగా ఆ తొడుగు వేసుకోవడానికి ఒకటిన్నర నిమిషం పడుతుంది. కాగితం మీద లెక్క సరిపోయింది. కాని గుండె ఆగినప్పుడు వచ్చే బృందమంతా ఒకేసారి తొడుక్కుంటుంటే మూడున్నర నుంచి అయిదున్నర నిమిషాలు పట్టింది! ఎంత తెలివైన డాక్టరైనా గదిలో కూర్చుని ఆలోచిస్తే ఈ సంగతి తట్టదు. పెళ్లివారింట్లో పది మంది ఒక్క గదిలో ముస్తాబవుతుంటే ఎలా ఉంటుందో మనకు తెలియదా? నిజమైన రోగి మీద ఈ పాఠం నేర్చుకొని ఉంటే ఆ నాలుగు నిమిషాల ఖరీదు ఒక ప్రాణం. బొమ్మ మీద నేర్చుకున్నారు గనుక ఖరీదు ఒక మధ్యాహ్నం.

రెండు వారాల్లో 275 మంది సిబ్బందికి ఇలా తాలీము ఇచ్చారు. ముందు ఉపన్యాసం, ఆపైన తొడుగు వేసుకునే అభ్యాసం, ఆపైన గుండె ఆగిన బొమ్మ మీద పని, చివర తప్పొప్పుల చర్చ. అంటు సోకకుండా చూసుకోవడంలో జరిగిన పొరపాట్లు, చికిత్సలో జరిగిన పొరపాట్లు అక్కడికక్కడే దిద్దారు. మహమ్మారి నడుస్తుండగానే ఆసుపత్రివారు బడి పెట్టుకుని నేర్చుకోవచ్చునని ఆ రెండు వారాలు చూపించాయి.

తొడగడం కంటే విప్పడం కష్టం

2014లో పశ్చిమ ఆఫ్రికాలోని గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల్లో ఎబోలా చెలరేగింది. 28,600 మందికి పైగా సోకి 11,300 మందికి పైగా మరణించారు. 2015 నవంబరు వరకు ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందిన లెక్కలో 881 మంది ఆరోగ్య సిబ్బందికి రోగం సోకినట్టు నిర్ధారణ కాగా 513 మంది చనిపోయారు. వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది డాక్టర్లున్న దేశాలవి. సియెర్రా లియోన్‌లో ఇటువంటి జ్వరాల చికిత్సకు పెద్ద దిక్కుగా ఉన్న డాక్టర్ షేక్ ఉమర్ ఖాన్ 2014 జూలై 29న అదే రోగంతో కన్ను మూశాడు. ఒక డాక్టరు పోతే ఒక ప్రాంతానికి ప్రాంతమే దిక్కు లేనిదైపోయింది.

ఎబోలా రోగి రక్తం, వాంతి చర్మం మీది చిన్న గీత ద్వారానైనా లోపలికి పోవచ్చు. తల నుంచి పాదం దాకా కప్పుకుని ఆ ఎండల్లో గంట సేపు నిలబడడమే గగనం. చెమటతో కళ్లు కనపడవు. బయటికి రాగానే ఎప్పుడెప్పుడు విప్పేద్దామా అని ప్రాణం కొట్టుకుంటుంది. సరిగ్గా ఆ తొందరలోనే చేయి ముఖానికి తగులుతుంది. అందుకని సరిహద్దులు లేని డాక్టర్ల సంస్థ బ్రస్సెల్స్‌లోను, బ్రిటిష్ సైన్యం యార్క్ నగరం దగ్గర స్ట్రెన్సాల్‌లోను ఉత్తుత్తి ఎబోలా ఆసుపత్రులు కట్టి, ఆఫ్రికా వెళ్లే సిబ్బందిని ముందు అక్కడ నడిపించారు. అమెరికాలో ఆనిస్టన్ పట్టణంలోను ఇటువంటి శిక్షణే జరిగింది. అమెరికా ప్రభుత్వం 2014 అక్టోబరులో ఒక నియమం పెట్టింది. తొడుగు వేసుకునేటప్పుడు, విప్పేటప్పుడు శిక్షణ పొందిన ఇంకొక మనిషి ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మెట్టూ చదివి చెబుతూ గమనించాలి. పెద్ద డాక్టరైనా సరే ఆ మనిషి ఆగు అంటే ఆగవలసిందే. టెనరిఫే పాఠం ఇక్కడ పనికి వచ్చింది.

ఈ అభ్యాసం వల్ల నిజంగా ఫలితం ఉందా అని సందేహించేవారు ఉంటారు. ఉండడం మంచిదే. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో నాలుగు ఆసుపత్రుల సిబ్బందితో చేసిన పరిశోధన 2015లో ప్రచురితమైంది. గ్లవ్స్‌కు, గౌనుకు ప్రత్యేకమైన దీపం కింద మెరిసే లేపనం పూసి, వాటిని విప్పమన్నారు. తరువాత దీపం వేసి చూశారు. 435 సార్లు విప్పితే 200 సార్లు, అంటే నూటికి 46 సార్లు, ఆ లేపనం చర్మానికో బట్టలకో అంటుకుంది. వీరు రోజూ అదే పని చేసే నిపుణులని మరచిపోకండి. ఆ తరువాత విప్పే పద్ధతి నేర్పి, మెరుపు చూపించి అభ్యాసం చేయించిన బృందంలో ఈ అంటుడు నూటికి 60 నుంచి 19కి పడిపోయింది. మూడు నెలల తరువాత చూసినా తిరిగి పెరగలేదు. కంటికి కనిపించని క్రిమిని దీపం వెలుగులో కనిపించేలా చేస్తే చేయి జాగ్రత్త నేర్చుకుంటుంది. మా వృత్తిలోనూ అంతే. పిల్లవాడి తప్పును వాడి కళ్లతో వాడికి చూపించనంత వరకు పదిసార్లు చెప్పినా వృథాయే.

2020: పాటల హాలులో వైద్య పాఠాలు

కోవిడ్ వచ్చేసరికి ఈ విద్య చేతిలో ఉంది. కాని ఎంతమంది చేతిలో ఉంది అన్నదే ప్రశ్న. సార్స్ దెబ్బ తిన్న దేశాలు కొంత ముందే మేల్కొన్నాయి. చాలా దేశాలు మాత్రం ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు 2020 మార్చిలో మొదలుపెట్టాయి.

లండన్‌లో ఒక పెద్ద ప్రదర్శనశాలను నైటింగేల్ ఆసుపత్రిగా మార్చి 2020 ఏప్రిల్ 3న ప్రారంభించారు. మంచాలు వేయడం సులభం, సిబ్బంది ఎక్కడి నుంచి వస్తారు? ఇతర విభాగాల నర్సులను, ఐసీయూ ముఖం చూడనివారిని కూడా రప్పించారు. వారికి శిక్షణ ఇచ్చింది ఎక్కడనుకున్నారు? పాటకచేరీలు జరిగే ఓ-టూ అనే పెద్ద హాలులో. పాటలు ఆగిన చోట ప్రాణాలు కాపాడే పాఠాలు సాగాయి.

కోవిడ్ రోగికి గొంతులో గొట్టం వేయడం, ఊపిరి బాగా అందడానికి బోర్లా తిప్పి పడుకోబెట్టడం - ఈ రెండూ అనేక దేశాల్లో బొమ్మల మీద చేయించిన అభ్యాసాలు. బోర్లా తిప్పడం అంటే చాప తిప్పినట్టు కాదు. నోట్లో గొట్టం, మెడ దగ్గర సూదులు, చుట్టూ తీగలు ఉన్న స్పృహ లేని మనిషిని అరడజను మంది ఒక్క లెక్క మీద తిప్పాలి. తల దగ్గర ఉన్నవాడు ఒకటి, రెండు, మూడు అంటేనే కదలాలి. ఒక్కరు తొందరపడినా గొట్టం ఊడి వస్తుంది. మాస్కుల వెనక ఎవరి మాట ఎవరికీ వినపడదని, కళ్లు తప్ప ముఖం కనపడదు కాబట్టి చేతి సైగలు కావాలని, గౌను మీద పేరు రాసుకుంటే మంచిదని ఇటువంటి అభ్యాసాల్లోనే స్పష్టమవుతుంది.

ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. తాలీము ఎంత ఇచ్చినా తొడుగే లేకపోతే అది బూడిదలో పోసిన పన్నీరు. 2020 జనవరి నుంచి 2021 మే వరకు ప్రపంచంలో సుమారు 1,15,000 మంది ఆరోగ్య సిబ్బంది కోవిడ్‌తో మరణించి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. వారందరికీ తాలీము లేకనే పోయారంటే అది వారిని అవమానించినట్టు. మాస్కులు దొరకని రోజులు ఉన్నాయి, నిద్ర లేని రాత్రులు ఉన్నాయి, అప్పటికింకా టీకా అందని కాలం ఉంది. అభ్యాసం వస్తువుకు బదులు కాదు. వస్తువును పని చేయించేది అభ్యాసం, అంతే.

మన దగ్గర

మన దేశంలో 2020 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం దీక్ష అనే వేదిక మీద కోవిడ్ సిబ్బందికి ఇంటర్నెట్ పాఠాలు పెట్టింది. మంచి పనే. అయితే ఈత గురించి సినిమా చూసినవాడు ఈతగాడు కాడు కదా. అంతకు ముందే, 2019లో వచ్చిన కొత్త వైద్య విద్యా నిబంధనలు ప్రతి మెడికల్ కాలేజీలో నైపుణ్యాల ప్రయోగశాల ఉండాలని నిర్దేశించాయి. అంటే విద్యార్థి రోగిని ముట్టుకునే ముందు బొమ్మను ముట్టుకోవాలన్న సూత్రం మన దగ్గర కూడా కాగితం మీదికి వచ్చింది.

అభ్యాసం మనుషులకే కాదు, గోడలకూ గొట్టాలకూ కూడా పరీక్ష. 2021 మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఏం జరిగిందో మనం మరువలేదు. ఆక్సిజన్ ట్యాంకరు రావడం ఆలస్యమై, కొద్ది నిమిషాల పాటు గొట్టాల్లో ఒత్తిడి తగ్గింది. పదకొండు మంది చనిపోయారని ఆనాడు అధికారులు ప్రకటించారు. ఒత్తిడి తగ్గితే ముందు ఎవరికి తెలియాలి, విడి సిలిండర్లు ఎక్కడ ఉండాలి, ఎవరు పరుగెత్తి తేవాలి, ఏ మంచానికి ముందు తగిలించాలి - ఈ ప్రశ్నలకు జవాబులు ఏ ఆసుపత్రిలోనైనా ఆపద వేళ వెతుక్కునేవి కావు, ముందే కాళ్లతో నడిచి, చేతులతో చేసి సిద్ధం చేసుకునేవి.

2022 డిసెంబరు 27న, తిరిగి 2023 ఏప్రిల్ 10, 11 తేదీల్లో దేశమంతటా ఆసుపత్రుల్లో మాక్ డ్రిల్ జరిపించారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జరిగింది. మంచాలెన్ని, వెంటిలేటర్లు నడుస్తున్నాయా, ఆక్సిజన్ ప్లాంటు పని చేస్తోందా అని చూశారు. హర్షించవలసిన విషయం. అయితే సామాను లెక్కించడం వేరు, మనిషిని నడిపించి చూడడం వేరు. బడి తనిఖీకి వచ్చిన అధికారి బల్లలు లెక్కపెట్టి వెళ్లిపోతే పిల్లలకు చదువు వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఎవరికి, ఏ భాషలో?

ఇక్కడ ఒక విన్నపం. తాలీము డాక్టర్లకే ఇస్తే కోట గోడ మూడు వైపులా కట్టి నాలుగో వైపు వదిలేసినట్టు. రోగి ముందుగా కలిసేది గేటు దగ్గర వాచ్‌మన్‌ను. స్ట్రెచర్ తోసేది వార్డుబాయ్. పక్క బట్టలు మార్చేది ఆయా. వాంతి ఎత్తేది, చెత్త సంచి మూట కట్టేది సఫాయి కార్మికురాలు. శవాన్ని చుట్టేది ఇంకొకరు. ఈ వరుసలో ఒక్కరికి తెలియకపోయినా క్రిమికి దారి దొరుకుతుంది. ఎబోలా కేంద్రాల్లో క్లోరిన్ నీళ్లు చల్లేవాడికి కూడా డాక్టరుతో సమానంగా తాలీము ఇవ్వడంలోని రహస్యం ఇదే.

మరి వారికి ఏ భాషలో నేర్పాలి? మన హైదరాబాదు చరిత్రలోనే దీనికి జవాబు ఉంది. 1846లో ఇక్కడ మెడికల్ స్కూలు స్థాపించినప్పుడు పాఠాలు ఉర్దూలో చెప్పారు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ కొన్ని దశాబ్దాల పాటు వైద్యశాస్త్రం ఉర్దూలో సాగింది. శరీరం గురించి ఇంటి భాషలో చెప్పవచ్చునని మన పెద్దలు చేసి చూపించారు. అంతకు ముందు శతాబ్దంలో ఫ్రాన్సు మంత్రసాని గుడ్డ బొమ్మతో చూపించిందీ అదే. ఇవాళ ఆయాకూ వార్డుబాయ్‌కీ ఇంగ్లీషు అట్ట మీద ఉన్న పన్నెండు మెట్లు గోడకు అతికించి నేర్పామని చేతులు దులుపుకుంటే ఎలా? తెలుగులో చెప్పాలి, ఉర్దూ వారికి ఉర్దూలో చెప్పాలి, చెప్పి వదలక చేయించాలి, చేసినదాన్ని మూడు నెలలకు మళ్లీ చూడాలి.

ఇంకొక్క మాట. అభ్యాసంలో తప్పు చేసినవాడిని దండిస్తే రెండోసారి అతడు తప్పు దాచిపెడతాడు. దాచిన తప్పు మహమ్మారి రోజున బయటపడుతుంది. అభ్యాసం పరీక్ష కాదు, మార్కులు లేవు. తప్పు దొరికితే సంతోషించవలసిన చోటు అదొక్కటే. సెయింట్ మైకేల్స్‌లో ఆ అయిదున్నర నిమిషాల సంగతి దాచిపెట్టి ఉంటే ఇవాళ మనం దాన్ని చెప్పుకునేవాళ్లమే కాదు.

మనవి

ఈ సంచిక చదివేవారిలో నర్సు చదువుతున్న ఆడపిల్లల తల్లిదండ్రులు ఉన్నారు, ఆసుపత్రుల్లో చిన్న ఉద్యోగాలు చేసే అన్నదమ్ములు ఉన్నారు, ఆసుపత్రి అభివృద్ధి కమిటీల్లో కూర్చునే పెద్దలూ ఉన్నారు. కమిటీలో కూర్చున్నప్పుడు కొత్త భవనం ఎప్పుడు, కొత్త యంత్రం ఎప్పుడు అని అడుగుతాం. అవి అడగవలసినవే. వాటితో పాటు ఇంకో ప్రశ్న కూడా అడగాలని నా మనవి: ఈ ఆసుపత్రిలో ఆఖరిసారి అభ్యాసం ఎప్పుడు జరిగింది? అందులో ఆయాలు, సఫాయివారు ఉన్నారా? ఏ తప్పు బయటపడింది? దాన్ని దిద్దారా?

ఏ తప్పూ బయటపడలేదని జవాబు వస్తే, అభ్యాసం సరిగ్గా జరగలేదని అర్థం. దీనికి లక్షల బొమ్మ అక్కరలేదు. ఒక పాత గౌను, కాస్త రంగు నీళ్లు, ఒక గడియారం, అరగంట తీరిక, ఆగు అనే హక్కు ఉన్న ఒక మనిషి - ఇంత ఉంటే మండల కేంద్రంలోని చిన్న దవాఖానాలో కూడా మొదలుపెట్టవచ్చు. ఇంకో మహమ్మారి ఎప్పుడు వస్తుందో ఎవరూ తారీఖు చెప్పలేరు. రోగం తెలియకుండా వస్తుంది. తాలీము మాత్రం మనం తారీఖు పెట్టుకుని చేసుకోగలిగిన పని. కాబట్టి వచ్చే నెల కమిటీ సమావేశంలోనే ఒక తారీఖు రాయించండి.